రణపాల ఆకు అంచున పిల్లలు

ఒకప్పుడు మొక్కలన్నీ గింజ నుంచే పుట్టేవి. పువ్వు పూయాలి, కాయ కాయాలి, కాయలో గింజ ముదరాలి. ఆ గింజ నేలలో పడితేనే మరో మొక్క. ఆ రోజుల్లో రణపాలకు పువ్వూ లేదు, గింజా లేదు. లోకం మొత్తం మీద ఉన్నది ఒకటే మొక్క.

ఆ ఒక్కటీ ఏటిగట్టున వీర్రాజు తోటలో ఉండేది. వీర్రాజు మొక్కలు పెంచి అమ్ముకునేవాడు. గులాబీలను దారి పక్కన పెట్టేవాడు. మల్లెలకు పందిరి వేసేవాడు. రణపాలను మాత్రం పగిలిన కుండీల వెనక పడేశాడు. నీళ్లు పోసేటప్పుడు అతని చెయ్యి అంతదూరం వెళ్లేది కాదు.

గవరమ్మ ఆ ఊరి కుమ్మరి. ఒంటరి మనిషి. వీర్రాజుకు కుండీలు చేసిచ్చేది ఆవిడే. ఒకనాడు కొత్త కుండీల తట్ట దించి, పగిలినవి ఏరుతుంటే వాటి వెనక ఎవరో సన్నగా మూలిగారు. వంగి చూస్తే ఒక మొక్క. నాలుగే ఆకులు. అవీ ముడతలు పడి వేలాడుతున్నాయి.

"ఇదేంటి వీర్రాజూ, దీన్నిలా ఎండగట్టావు?"

"ఏం చేసుకోను పిన్నీ? పూయదు, కాయదు, వాసన లేదు. అడిగినవాళ్లు లేరు. రేపు ఎరువు గుంటలో వేసేద్దామనుకుంటున్నా."

"అయితే నాకిచ్చెయ్."

"పట్టుకుపో. బతుకుతుందని మాత్రం అనుకోకు."

గవరమ్మ దాన్ని ఖాళీ తట్టలో పెట్టి నెత్తికెత్తుకుంది. కొంత దూరం వెళ్లాక పైనుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, నేను పువ్వులివ్వలేను. నీకు ముందే చెబుతున్నా."

"నేను అడగలేదుగా," అంది గవరమ్మ.

ఇంటికి తెచ్చి, కుండలు చేసే సారె పక్కన నీడలో నాటింది. మట్టి పిసికిన చేతులు కడిగిన నీళ్లన్నీ దానికే పోసేది. పని చేసుకుంటూ దానితో కబుర్లు చెప్పేది. పదిహేను రోజులకు ముడతలు పోయాయి. రెండు నెలలకు ఆకులు పన్నెండయ్యాయి. ఒక్కొక్కటీ మందంగా, చల్లగా, నిండా నీళ్లు పట్టుకుని ఉండేది. అంచులు మాత్రం అప్పట్లో నున్నగా ఉండేవి.

వేసవి వచ్చింది. ఒకరోజు ఆవం నుంచి కాలిన కుండలు తీస్తుంటే నిప్పుకట్టె జారి గవరమ్మ కుడిచేతి మీద పడింది. చెయ్యి బొబ్బలెక్కింది. సారె తిప్పే చెయ్యి అది. అది పనిచెయ్యకపోతే ఆవిడకు కూడు లేదు. సారె ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా ఆకు తుంచి కట్టుకో అమ్మా," అంది రణపాల. "చల్లగా ఉంటుంది."

"వద్దు తల్లీ. ఇప్పుడిప్పుడే కోలుకున్నావు."

"కట్టుకో."

గవరమ్మ ఒక ఆకు తుంచి నలిపి కట్టుకుంది. మంట తగ్గింది. మర్నాడు ఇంకోటి. ఆ పైరోజు మరోటి. పదకొండో రోజుకు చెయ్యి మానింది. వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. ఆ సంతోషంలో మొక్క వైపు చూస్తే ఒకే ఒక్క ఆకు మిగిలింది. రోహిణి ఎండకు కాండం అడుగు నుంచి ఎండిపోతోంది.

గవరమ్మ దాని పక్కన కూలబడింది. "వీర్రాజు నిన్ను పారేద్దామనుకున్నాడు. నేను ఇంటికి తెచ్చి ఆకు ఆకూ తుంచుకున్నాను. అతనికీ నాకూ తేడా ఏముంది?"

"అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు," అంది మొక్క నెమ్మదిగా. "ఇక్కడ నా అంతట నేనే ఇచ్చాను. పోతున్నందుకు బాధ లేదమ్మా. నా తర్వాత నాలాంటిది ఒక్కటీ ఉండదు. అదే బాధ."

ఆ మాట చెప్పి అది తల వాల్చేసింది. చివరి ఆకు ఊడి గవరమ్మ ఒళ్లో పడింది.

ఆవిడ ఆ ఆకును చేతిలోకి తీసుకుంది. ముంతల అంచుకు నొక్కులు పెట్టే అలవాటు ఆ వేళ్లకు. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఆకు అంచు పొడవునా గోటితో నొక్కుతూ పోయింది. తర్వాత దాన్ని తడిమట్టి మీద పడుకోబెట్టి, నేల మీద అరచెయ్యి ఆనించింది.

"నేలతల్లీ, దీనికి ఒక్క గింజ ఇవ్వు."

"గింజ నా దగ్గర ఉండదు గవరమ్మా," అంది నేల. "అది పువ్వులోంచి రావాలి. నేను చేసేది ఒకటే. ప్రాణం ఎక్కడుంటే అక్కడ వేరు పట్టుకుంటాను. ఈ మొక్క తన ప్రాణం ఎక్కడ దాచుకుంది?"

గవరమ్మ మానిన తన చేతిని చూసుకుంది. "ఆకులో," అంది.

"అయితే ఆ ఆకును నా దగ్గర వదిలెయ్. తడి ఆరనివ్వకు."

గవరమ్మ పూటపూటా నీళ్లు చిలకరించింది. వారమైంది, ఏమీ లేదు. ఆకు పసుపు రంగుకు తిరిగింది. అయినా చిలకరించడం మానలేదు. పదో రోజు ఉదయం చూస్తే, తాను గోటితో నొక్కిన ప్రతి నొక్కులోంచీ ఆవగింజంత మొలక. ఒక్కో మొలకకు రెండేసి బుల్లి ఆకులు. కింద దారంలాంటి వేళ్లు నేలను పట్టుకున్నాయి.

గవరమ్మ ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. పద్నాలుగు.

"అమ్మా," అన్నాయి పద్నాలుగూ ఒకేసారి, అదే గొంతుతో.

అప్పటినుంచే రణపాల ఆకుల అంచుకు నొక్కులు వచ్చాయి. ఆ ఆకు ఎక్కడ పడినా, గింజ కోసం చూడకుండా, నొక్కు నొక్కుకీ ఒక పిల్లమొక్కను కంటుంది.