ఛార్జి దొంగలు ఇద్దరు

"నా బండిలో ఛార్జిని ఎవడో దొంగిలిస్తున్నాడు!"

మంచుపాడు రాజావారు నిండు కొలువులో సింహాసనం చెయ్యి మీద గుద్దారు. సభ మొత్తం ఉలిక్కిపడింది.

మంచుపాడు కొండల మీది సంస్థానం. అక్కడ పల్లకీ పోయి కారు వచ్చింది గానీ కొలువు మాత్రం కొలువులాగే ఉంది. కారు కరెంటుతో నడుస్తుంది, ఛార్జి అయిపోతే పెట్రోలు ఇంజిను అందుకుంటుంది. కోట నుంచి తేనెబండ విడిదికి పోనూ రానూ నలభై కిలోమీటర్లు. ఎండాకాలంలో చుక్క పెట్రోలు ముట్టకుండా వెళ్లి వచ్చేది. పుష్యమాసం వచ్చేసరికి ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గరే ఇంజిను బుర్రుమని లేస్తోంది. చప్పుడు లేకుండా ఊరేగడమంటే రాజావారికి మహా సరదా. సంత నడిబొడ్డున ఆ బుర్రు వినబడేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది.

దివాను సోమరాజు మీసం సవరించుకున్నాడు.

"ఇంకెవరు ప్రభూ, డ్రైవరు బుడ్డన్నే! వాణ్ణి సాగనంపండి. మా బావమరిది స్టీరింగు పడితే బండి గంధర్వ రథమే!"

రాజావారు ఆస్థాన చతురుడు పేరిశాస్త్రి వైపు తిరిగారు. "శాస్త్రీ, రేపటిలోగా దొంగను పట్టు. లేకపోతే బుడ్డన్న ఉద్యోగం ఊడినట్టే."

పేరిశాస్త్రి "చిత్తం" అని గట్టిగా అన్నాడు. ఏమీ తోచనప్పుడు ఆయన గట్టిగానే మాట్లాడతాడు. తన తెలివిలో సగం పక్కవాళ్లదనీ, మిగతా సగం గొంతుదనీ ఆయనకు బాగా తెలుసు. అందుకే తిన్నగా పక్కవాడి దగ్గరికి, అంటే బుడ్డన్న దగ్గరికి, కారు షెడ్డుకు వెళ్లాడు.

"దొంగ ఎవరోయ్?"

"కొంత చలి తింటోందయ్యా. బ్యాటరీ కూడా మనలాంటిదే, చలికి ముడుచుకుంటుంది. మిగతాది..." బుడ్డన్న నీళ్లు నమిలాడు.

"చెప్పవయ్యా!"

"జనం దండాలు పుచ్చుకోడానికి రాజావారు నాలుగద్దాలూ దించేస్తారు. చలేస్తుందని హీటరు పూర్తిగా తిప్పేస్తారు. ఆయన కాస్త తగ్గిస్తే మళ్లీ తమరు పెంచేస్తారు. ఉన్న ఛార్జంతా పెట్టి వీధికి చలి కాచుతున్నామయ్యా! అద్దం ఎత్తండి ప్రభూ అనే నోరు నాకెక్కడిది? ఇరవై రెండేళ్ల కొలువు. ఇది పోతే ఏం చేసుకు బతకను?"

బుడ్డన్న కళ్లు తుడుచుకుంటుంటే శాస్త్రి మనసు చివుక్కుమంది. సిగ్గు కూడా వేసింది. హీటరు మీట తిప్పడంలో తనను మించినవాడు సంస్థానంలో లేడు మరి.

మర్నాడు పొద్దున్నే ఆయన రాజావారితో, "తమరు ఇవాళ కోటలోనే ఉండండి ప్రభూ. బండి బుడ్డన్నే నడుపుతాడు, సాక్షిగా దివానుగారు వెంట వస్తారు. దొంగ సంగతి వచ్చాక విన్నవించుకుంటాను" అన్నాడు.

బుడ్డన్న ఛార్జింగు వైరు తీయకముందే, గోడ కరెంటు మీదే అరగంటసేపు బండిని వెచ్చబెట్టాడు. తర్వాత అద్దాలు ఎత్తి, హీటరు ఆపి, సీట్లను వెచ్చబరిచే మీట ఒక్కటే నొక్కాడు. దానికి కరెంటు కొంచెమే చాలు.

మూడో కిలోమీటరుకే శాస్త్రికి వీపున వేసవి, ముక్కున మాఘమాసం. చెయ్యి దానంతటదే హీటరు మీదికి పోయింది. బుడ్డన్న "అయ్యా!" అన్నాడు. చెయ్యి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది.

"బుడ్డన్నా, బండాపు. నా చేతులు నా మాట వినడం లేదు. కట్టెయ్!"

తలపాగా తీసి ఇచ్చి మరీ కట్టించుకున్నాడు. ముడి పడ్డాక గానీ, ఇంతసేపూ బట్టతలను కాపాడింది ఆ తలపాగాయేనని గుర్తు రాలేదు. ఆస్థాన చతురుడి తెలివి అంత!

బుడ్డన్న నెమ్మదిగా నడిపాడు. దిగుడు వచ్చిన చోటల్లా కాలు తీసేసి బండిని వదిలాడు, పోయిన ఛార్జిలో కాస్త వెనక్కి చేరింది. వెనక సీట్లో దివాను పళ్లు టకటకలాడుతుంటే, ముందు సీట్లో శాస్త్రి పళ్లు వాటికి తాళం వేశాయి.

తేనెబండ దాకా వెళ్లి, బండి చప్పుడు లేకుండా తిరిగి కోట గుమ్మంలోకి వచ్చి ఆగింది. ఛార్జి ఇంకా రెండు గీతలు మిగిలే ఉంది.

రాజావారు ఎదురొచ్చారు. "దివానూ, ఇంజిను లేచిందా?"

"లే... లే... లేవలేదు ప్రభూ" అన్నాడు సోమరాజు. చలికి వణుకుతూ అబద్ధం అల్లడం ఎవరి తరం?

"అయితే బుడ్డన్న దొంగ కాడన్నమాట. మరి దొంగ ఏడయ్యా శాస్త్రీ?"

శాస్త్రి కట్టేసి ఉన్న రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టాడు.

"దొంగలు ఇద్దరు ప్రభూ. హీటరు తిప్పే ఒకణ్ణి కట్టి తెచ్చాను. అద్దాలు దించి మరీ హీటరు తిప్పే రెండోవారిని కోటలోనే వదిలి వెళ్లాను!"

రాజావారు వేళ్లు మడిచారు. "రోజూ బండిలో వెళ్లేది నలుగురం. ఇవాళ వెళ్లింది బుడ్డన్న, నువ్వు, దివాను..." నాలుగో వేలు ఆయన గుండెల దగ్గరికే వచ్చి ఆగింది.

బుడ్డన్న కళ్లు మూసుకున్నాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇన్నాళ్లూ వీధి వీధికీ కుంపటి మోసింది నేనా! దొంగా నేనే, ఫిర్యాదీనీ నేనే!"

ఆ నవ్వుకు కోట గుమ్మం దద్దరిల్లింది. దివాను కూడా నవ్వక తప్పలేదు.

"ఏం కావాలో కోరుకో శాస్త్రీ! అర్ధరాజ్యమైనా సరే!"

"అర్ధరాజ్యం వద్దు ప్రభూ, తమ శాలువా ఇప్పించండి. అది కప్పాక నెమ్మదిగా కట్లు విప్పవచ్చు."

రాజావారు తన శాలువా తీసి స్వయంగా ఆయన బట్టతల మీదుగా కప్పారు. చేతి బంగారు కడియం ఊడదీసి బుడ్డన్నకు తొడిగి, "ఇకమీదట అద్దాలూ హీటరూ నీ ఏలుబడి. నేను చెయ్యి పెట్టినా కట్టేసెయ్!" అన్నారు.