పగడాలత్త తెల్లబోయిన కథ

ఒకప్పుడు పగడాలకి ఎంత కష్టమొచ్చినా రంగు మారేది కాదు. ఒళ్ళు కాలిపోతున్నా అదే గోధుమ రంగు, అదే ఆకుపచ్చ. చచ్చేదాకా పచ్చగానే ఉండేవి!

సముద్రం అడుగున, ఎండ దిగేంత లోతులో, పగడాలత్త అనే పెద్ద పగడం ఉండేది. ఆవిడ కొమ్మల సందుల్లో నూకాలు అనే పీత కాపురం. అది పుట్టిందీ అక్కడే, పిల్లల్ని కన్నదీ అక్కడే. నూకాలుకి నోరు కొంచెం పెద్దది. పగడాల దిబ్బంతా పలకరిస్తేగానీ దానికి తెల్లారదు.

"అత్తా, బాగున్నావా?"

"బాగున్నానే!"

"సింహాలమ్మక్కా, బాగున్నావా?"

"ఓ, బెమ్మాండం!"

ఒక ఎండాకాలం నీళ్ళు కాగిపోయాయి. సోమవారం బెమ్మాండం అన్న సింహాలమ్మ పగడం శుక్రవారానికి పొడిపొడిగా రాలిపోయింది. ఆవిడ నీడన బతికే చేపలన్నీ దిక్కులేనివైపోయాయి.

నూకాలు గుండె బాదుకుంది. "రోజూ అడిగాను గదా! ఒక్కనాడైనా చెప్పలేదేటి?"

ఏం చెబుతారు? బాగున్నావా అంటే బాగున్నాననడం మర్యాద. మనం మాత్రం? ముక్కు కారుతున్నా బాగున్నాననే అంటాం.

ఇక లాభం లేదని నూకాలు అడగడం మానేసి, చూడడం మొదలుపెట్టింది. పొడుగాటి నాచుపోగొకటి దిబ్బ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచింది. రోజూ దాని వెంటే నడిచేది. జానెడుకోసారి ఆగి, అక్కడున్న పగడం నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది అని పరీక్షగా చూసేది. ఇప్పుడు శాస్త్రవేత్తలు టేపు పరుచుకుని చేసే పని ఇదే. నేర్పింది మాత్రం మా నూకాలే, ఎవరేమన్నా సరే!

పది రోజులు చూసింది. నిన్నటి రంగే ఇవాళా. పదకొండో రోజు ఇంటికొచ్చి నడుం వాల్చిందో లేదో, పొట్ట చుర్రుమంది.

"ఓలమ్మో! అత్తా, కాలిపోతున్నావు గదా!"

"కాస్త ఎండ పడింది లేవే. బాగానే ఉన్నాను."

అంతలో అత్త ఒంట్లోంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఏడ్చేది నలుసులంత నాచుపిల్లలు, వేలకి వేలు. ఎండతో వంట చేసి అత్తకి పెట్టేది వీళ్ళే. అత్త ఒంటి రంగంతా వీళ్ళదే.

"మాడిపోతున్నాం అక్కా! బయటికి పోదామంటే అత్త ఒప్పుకోదు. ఇంటి గుట్టు వీధిన పెట్టొద్దంటుంది."

"మీరు పోతే నాకు అన్నమెవరు పెడతారర్రా? రంగు పోయాక నలుగురిలో ఎలా తలెత్తుకోను?" అంది అత్త.

నూకాలుకి ఒళ్ళు మండింది. "సింహాలమ్మక్క కూడా ఇలాగే పరువు కాపాడుకుంది. ఏటి మిగిలింది? అడగందే అమ్మైనా పెట్టదత్తా! నువ్వు పోతే నా పిల్లలు ఎక్కడ తలదాచుకుంటారు? నాకు నువ్వు కావాలి!"

ఆ మాటకి అత్త మెత్తబడింది. చివరికి, "పొండి పిల్లలూ, పొండి. నూకాలూ... ఒంట్లో బాగాలేదే నాకు" అంది.

నాచుపిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చేశారు. రంగంతా వాళ్ళతోనే పోయింది. అత్త సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది.

ఆ తెలుపు ఎంత దూరం కనిపించిందనుకున్నారు! చిలకచేపలు పరుగెత్తుకొచ్చి, అత్త మీద ముసురుకోబోతున్న పాచిని గీకి గీకి తినేశాయి. అట్టడుగున కునుకు తీస్తున్న చల్లనీళ్ళ తాత తలెత్తి చూశాడు. "ఓరి నాయనో, పగడాలుకి ఇంత జొరమా? ఎవరూ చెప్పలేదేటర్రా!" అంటూ పైకొచ్చి దిబ్బంతా చల్లబరిచాడు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు అత్త అర్ధాకలితో ఉంది. నూకాలు కొమ్మ దిగకుండా కాపలా కాసింది. ఒక పొద్దున ఓ కొమ్మ చివర రవ్వంత గోధుమ రంగు కనిపించింది. నాచుపిల్లలు తిరిగొస్తున్నారు! నూకాలు సంబరానికి పట్టపగ్గాల్లేవు.

అప్పటినుంచే నీళ్ళు వేడెక్కితే పగడాలు తెల్లబోతాయి. తెల్లగా ఉందని చచ్చిపోయిందనుకోకండి. అది బతికే ఉంది, ఆకలితో ఉంది, బాగాలేదని నోరు విడిచి చెబుతోంది. బేగి వెళ్ళి ఆదుకుంటే మళ్ళీ లేచి కూచుంటుంది.