గోదాలో గురువు అడుగులు

అనగనగా, కోటలకు పేర్లుండి దారులకు పేర్లు లేని కాలంలో, ఒక కొండకోటలో సాముగరిడి ఉండేది. అందులో ఎర్రమట్టి గోదా. ఆ గోదాలో పిడికిలి పోరు నేర్పిన గురువు మాచన. కోట ముట్టడిలో మోకాలిలో బాణం నాటుకున్న నాటి నుంచి ఆయన ఎడమకాలు ఈడ్చి నడిచేవాడు. ఆ సంగతి అందరూ ఎరుగుదురు. ఆలోచించినవారు లేరు.

మాచన కన్నుమూశాడు. మరునాటి నుంచి, పొద్దు వాలగానే, గోదాలో మట్టి దానంతటదే కదలసాగింది. మనిషి కనబడడు. అడుగులు మాత్రం ఒకదాని వెంట ఒకటి పడేవి. అవి జంటసాములో ఒకరు వేసే అడుగులు. ఎదుటివారి చోటు ఖాళీ.

"గురువుగారు జంట కోసం పిలుస్తున్నారు," అన్నారు శిష్యులు, గోడకు ఇంకాస్త దగ్గరగా జరుగుతూ.

మొదట సూరన లేచాడు. మట్టి కళ్లకద్దుకుని, ఎదుటివారికి తలవంచి దిగడం అక్కడి ఆచారం.

"కనబడనివాడికి దండమేమిటి? నుదుటికి మట్టి అంటితే కడుక్కోవలసింది నేనే," అని నవ్వి, చెప్పులతోనే దిగాడు.

అడుగులు అతని చుట్టూ ఒక్కసారి తిరిగాయి. సూరన పైకి వచ్చేశాడు. దెబ్బ లేదు, గాయం లేదు. కాని అతడు నడిచిన మట్టిపై జాడ పడలేదు. మరునాటి సాయంత్రానికి, గోడవార కూర్చున్న అతని దేహం గుండా వెనుక రాళ్లు కనిపించసాగాయి.

రెండవవాడు కొమ్మన. అతని చెల్లెలు మైలమ కూడా ఆ గరిడిలోనే విద్య నేర్చింది. "వద్దన్నా," అని చేయి పట్టుకుంది.

"గురువుగారి దగ్గు కూడా నాకు కంఠతా వచ్చు, అమ్మీ. నన్నేం చేస్తారు?"

కొమ్మన తలవంచాడు. మట్టి కళ్లకద్దుకున్నాడు. గురువును చూసి నేర్చిన గరిడిలో అందరిలాగే ఎడమకాలు ఈడుస్తూ అడుగు వేశాడు. ఎదుటి అడుగు ముందే పడిపోయింది. అతడు ఈడ్చినప్పుడల్లా అది ముందుంది. చివరకు అతని జాడా చెరిగిపోయింది.

మైలమ అన్న చేయి పట్టుకుంటే పొగమంచు పట్టుకున్నట్లుంది.

"రేపు పొద్దుగూకేసరికి నేనూ కనబడను," అన్నాడు కొమ్మన. "అంతవరకు సూరన పక్కన కూర్చోవాలి. అదింకా కష్టం."

మరునాడు మైలమ గోదా అంచున మోకరించింది. మట్టి కదలగానే ఒక్కొక్క అడుగునూ వంగి చూసింది. ఎడమపాదం లోతుగా, నిండుగా పడుతోంది. ఈడ్చిన గీత ఎక్కడా లేదు.

"అన్నా, ఈయన కాలు ఈడ్వడం లేదు."

"గురువుగారు ఈడ్చేవారు కదా?"

"ఈడ్పించింది బాణం. ఆ గాయాన్ని మనం విద్య అనుకున్నాం."

ఆమె మట్టి కళ్లకద్దుకుని శూన్యానికి తలవంచింది. చల్లని గాలి ఒకటి నుదుటిని తాకి నిలిచింది. ఎడమకాలు ఎత్తి, నిలకడగా మోపింది. ఎదుటి అడుగు సరిగ్గా అప్పుడే పడింది.

కాని ఆ అంగ పొడగరిది. మైలమ కాలు అందలేదు.

"గురువుగారి అంగ తప్పకు," అన్నాడు కొమ్మన. అతని గొంతు ఎక్కడో గోడ లోపలి నుంచి వచ్చినట్లుంది. పొద్దు కుంగిపోతోంది.

మైలమ ఒక్క అంగకు రెండు అడుగులు వేసింది.

గోదా నిశ్చలమైంది. ఎదుట అడుగు పడలేదు. ఆమె కదలలేదు, చూపు దించలేదు. అప్పుడు, మెల్లగా, తరువాతి అడుగు పడింది, ఆమె కొలతకు.

సాము ముగిసింది. మైలమ మళ్లీ తలవంచింది. ఎదుటి జాడల్లో మడమలు తేలి, వేళ్లు మట్టిలోకి దిగాయి, ఎవరో వంగినట్లు. ఆపైన ఆ మట్టి మరి కదలలేదు.

గట్టున కొమ్మన లేచాడు. అతని పాదాల కింద మట్టి అణిగింది. సూరన చెప్పులు విడిచి, మట్టి కళ్లకద్దుకుని అడుగు వేశాడు. జాడ పడింది.

పెద్దలకు తలవంచాలి, కాని వారి గాయాన్ని విద్యగా మోయరాదు. తలవంచి, పరికించి, తన కాలితో నడిచినవారికే విద్య దక్కుతుంది.