పావుకోళ్ల చప్పుడు

శరభయ్యకు రెండో కొడుకు పుట్టాడు. ఆ సంతోషం మొహంలో ఎంతోసేపు నిలవలేదు. పెద్దవాడు చెన్నమల్లుకు ఆరేళ్లు. ఏడాదిగా నోరు విప్పడం లేదు. మఠం బడిలో నలభైమంది పిల్లల చేత స్తోత్రాలు కంఠతా పట్టించిన అయ్యవారు శరభయ్య. ఆయన ఇంట్లోనే పలకని పిల్లవాడు! ఆ శివయ్య ఎవరికి ఎక్కడ పాఠం పెడతాడో మనకేం తెలుసు తల్లులారా?

లింగధారుల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే గురువు ఇంటికొచ్చి ఆ పసికందుకు లింగం కడతాడు. అలాగే వచ్చాడు రుద్రమునిస్వామి. కట్టడం అయింది, విభూతి పెట్టడం అయింది. శరభయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“స్వామీ, పెద్దవాడికి ఆలస్యంగా, ఐదో ఏట చదువు మొదలుపెట్టి చెడగొట్టుకున్నాను. మూడు బెత్తాలు విరిగాయి గానీ మాట రాలేదు. వీణ్ణి మూడో ఏటే కూర్చోబెడతాను. మంచిరోజు చెప్పండి.”

“వీడికి ఇప్పటికేం వచ్చు?”

శరభయ్యకు నవ్వొచ్చింది. “పదకొండు రోజుల పసిగుడ్డు స్వామీ. మెడే నిలవదు. ఏమొస్తుంది?”

“సరే. ఒళ్లో పెట్టుకుని కూర్చో.”

స్వామి పూజగంట మోగించాడు. బిడ్డ కదల్లేదు. వీధిలో కుక్కలు అరిచాయి. నిద్ర చెదరలేదు.

అప్పుడు స్వామి బయటికి వెళ్లి, వాకిట్లో విడిచిన శరభయ్య పావుకోళ్లలో కాళ్లు పెట్టాడు. గురువేమిటి, శిష్యుడి పావుకోళ్లు తొడుక్కోవడమేమిటి!

“స్వామీ, అపచారం!” శరభయ్య లేవబోయాడు.

“కూర్చో. నన్ను కాదు, ఇంట్లోవాళ్లని చూడు.”

టక్. టక్. టక్.

శరభయ్య భార్య నీలాంబ నీళ్ల చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టి గోడకు అంటుకుపోయింది. చెన్నమల్లు ధాన్యపు గంప వెనక దూరాడు. ఒళ్లో బిడ్డ కళ్లయినా తెరవలేదు. రెండు పిడికిళ్లూ బిగించాడు. ఆ చిన్ని ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది.

శరభయ్య ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్లూ ఆ చప్పుడుతో వస్తున్నది తనే. అది వినపడ్డాక తన ఇల్లు ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు.

“మంచిరోజు దేనికి శరభా?” అన్నాడు స్వామి గడపలో నిలబడి. “తల్లి కడుపులో ఉన్నప్పుడే మొదలుపెట్టావుగా.”

పావుకోళ్లు విప్పి, చేతబట్టుకుని వెళ్లిపోయాడు.

శరభయ్య బిడ్డను తల్లి చేతుల్లో పెట్టాడు. వట్టికాళ్లతో గంప దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“చెన్నూ... ఇలా రా నాన్నా.”

చెన్నమల్లు వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకుని, కుడి అరచెయ్యి చాపాడు.