పేరిభొట్లు తాళాలు వదిలించుకున్న వైనం

వంశధార ఒడ్డున జగపతిదేవుడనే రాజు ఉండేవాడు. కార్తీకమాసం వచ్చిందంటే ఆయన ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు. స్నానాలకనీ తెప్పోత్సవానికనీ జనం విరగబడి వస్తారు. ఒక ఏడు రాజుగారికి సరదా పుట్టింది, ఏటిగట్టున ఖాళీగా పడున్న తోటమేడని ఆ నెల్లాళ్ళూ యాత్రికులకి రోజువారీ అద్దెకిద్దామని.

"విడిది చూసుకునేదెవరు?" అని సభలో అడిగాడు.

ఆస్థాన హాస్యగాడు పేరిభొట్లు నోరు ఊరుకోదు కదా. "అదేం పెద్ద పని ప్రభూ. పొద్దున్న తలుపు తియ్యడం, సాయంత్రం వెయ్యడం. నాలాంటివాడైనా చెయ్యగలడు" అన్నాడు.

"అయితే నువ్వే చెయ్యి. ఒక్క మాట. దిగిన అతిథి తనంతట తను కదిలేదాకా పొమ్మనకూడదు. పొమ్మనలేక పొగా పెట్టకూడదు."

అలా తన గొయ్యి తనే తవ్వుకున్నాడు పేరిభొట్లు.

వారం తిరిగేసరికి అతనికి తన తెలివి మీదున్న భ్రమలన్నీ వదిలిపోయాయి. తలనొప్పివాడి పక్క గదిలో భజన బృందాన్ని దింపాడు. ఒకే గదిని రెండు పెళ్ళిళ్ళవాళ్ళకి మాటిచ్చి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. స్నానానికెళ్ళిన యాత్రికులు నలుగురు తాళంచెవులు మొలతాడుకే ఉంచుకుని ఊళ్ళకి చక్కాపోయారు. "తలుపు తియ్యడం, వెయ్యడం అన్నాను. తాళంచెవి మాట అనలేదు, అదే కొంపముంచింది" అని తనని తనే ఎద్దేవా చేసుకున్నాడు.

ఈ కష్టాలు చాలవన్నట్టు నృకేసరిశాస్త్రి దిగాడు. ఈయన ఆస్థాన పండితుడు. సభలో పేరిభొట్లు నవ్వించినప్పుడల్లా ఈయనకి కడుపుమంట. సొంత ఇల్లు రెండు వీధుల అవతలే ఉన్నా, పెంకులు నేయిస్తున్నామని వంక పెట్టి, ఏటివైపు కిటికీ ఉన్న గదిలో మకాం వేశాడు. పదకొండు రోజులైనా కదల్లేదు. తెల్లారగానే కేకేసేవాడు:

"పేరిభొట్లూ, వేడినీళ్ళు చల్లగా ఉన్నాయి."

ఒక మధ్యాహ్నం పేరిభొట్లు మూలగదిలో నడుం వాల్చడం చూసి, తిన్నగా రాజు దగ్గరికెళ్ళాడు. "అతిథులకి గదులు చాలకుంటే అధికారికి గదేమిటి ప్రభూ? విడిది చూసేవాడు అరుగు మీదే పడుకోవాలి" అన్నాడు. రాజుకీ న్యాయమే అనిపించింది. ఆ ఆజ్ఞని శాస్త్రే స్వయంగా తాటాకు మీద రాసి విడిది గుమ్మానికి వేలాడగట్టాడు. నాటి నుంచి పేరిభొట్లు పడక అరుగు మీద, యాత్రికుల చెప్పుల సరసన.

తెప్పోత్సవం రేపనగా రాజు కబురు పెట్టాడు.

"నన్ను పెంచిన దాది గవరమ్మ వస్తోంది. మోకాళ్ళు పట్టేశాయి, రేవు మెట్లు దిగలేదు. కళ్ళు కూడా మసకబారుతున్నాయట, చూపుండగా ఒక్కసారి తెప్ప చూడాలంటోంది. ఏటివైపు కిటికీ ఉన్నది ఆ ఒక్క గదికే. ఆవిడ చూడకుండా తిరిగెళితే నువ్వు మళ్ళీ కొలువుకి రానక్కర్లేదు."

కొలువు సంగతి అలా ఉంచితే, గవరమ్మ చేతి చద్దన్నం తిన్నవాళ్ళలో పేరిభొట్లూ ఒకడు. అతని మనసు నిజంగానే కలుక్కుమంది. పరుగున వెళ్ళి శాస్త్రికి చేతులు జోడించాడు.

"రేపొక్క పూట పక్క గదిలోకి మారండి శాస్త్రిగారూ. ముసలావిడ."

"నేను అతిథిని. పొమ్మనకూడదని రాజాజ్ఞ. నీ కొలువు నువ్వు దక్కించుకో" అన్నాడు శాస్త్రి, పడక మీద వెనక్కి వాలుతూ.

పేరిభొట్లు అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. తలెత్తితే గుమ్మానికి తాటాకు ఊగుతోంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత లేచి, మిగిలిన తాళాల గుత్తి పట్టుకుని సభకి వెళ్ళాడు. శాస్త్రీ వినోదం చూడ్డానికి వెనకే వచ్చాడు.

"ప్రభూ, ఈ పని నా వల్ల కాదు" అని గుత్తిని రాజు పాదాల దగ్గర పెట్టాడు పేరిభొట్లు. భజనవాళ్ళ సంగతీ, పెళ్ళివాళ్ళ సంగతీ, పోయిన తాళంచెవుల సంగతీ ఏదీ దాచకుండా చెప్పుకున్నాడు. సభంతా పగలబడి నవ్వింది.

"తక్కువే చెప్పాడు ప్రభూ" అన్నాడు శాస్త్రి. "నేను పట్టిన తప్పులే నలభై ఉన్నాయి."

"నిజం. నా తప్పు నాకంటే ముందే పట్టే మనిషి ఈయనొక్కరే. విడిది నడపడం ఈయనకే తెలుసు" అన్నాడు పేరిభొట్లు.

రాజు శాస్త్రి వైపు తిరిగాడు. "ఏమంటారు?"

శాస్త్రి మీసం దువ్వాడు. "ఈ హాస్యగాడికి చేతకానిది నాకు చేతకాదా? తెప్పోత్సవం అయ్యేదాకా నేనే నడిపి చూపిస్తాను. అతిథుల్లో ఒక్కడు నోరెత్తితే అడగండి." నిండు సభలో గుత్తి అందుకుని బొడ్లో దోపుకున్నాడు.

పేరిభొట్లు వినయంగా వంగాడు. "కొత్త అధికారిగారికి ఒక్క మనవి. తమ చాప ఎక్కడ పరిపించమంటారు?"

"ఎక్కడేమిటి? నా గదిలోనే."

"అరుగు మీదండీ. గుమ్మానికి వేలాడుతున్న ఆజ్ఞ తమరు రాసిందే."

శాస్త్రి బొడ్లో గుత్తి తడుముకున్నాడు. "నేను అతిథిని కదా."

"తాళాలు బొడ్లో పెట్టుకున్నవాణ్ణి అతిథి అని ఏ ఊళ్ళోనూ అనరండీ. నేను తమర్ని పొమ్మనలేదు, పొగా పెట్టలేదు. తమరే లేచొచ్చారు."

రాజు నవ్వాపుకోలేక సింహాసనం చేతులు పట్టుకున్నాడు. గవరమ్మని తిన్నగా ఆ గదికే తీసుకెళ్ళమని పల్లకీ పంపాడు. భుజం మీది శాలువా తీసి పేరిభొట్లుకి కప్పి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"గవరమ్మగారి గది గడప పక్కన ఒక చాప చాలు ప్రభూ. ఈ నెల్లో ఒక్క రోజైనా నేనూ అతిథిగా ఉండాలి."

"ఎందుకురా?"

పేరిభొట్లు శాలువా సర్దుకుని, శాస్త్రి గొంతుతోనే కేకేశాడు:

"శాస్త్రిగారూ, వేడినీళ్ళు చల్లగా ఉన్నాయి."