ముందు దొప్ప

ఆ ఏడు మా అమ్మమ్మ గుర్బారికి ఒకటే ధ్యాస. కొత్తల పండగనాడు ముందు దొప్ప తన చేతికి వస్తుందా, సుక్రి చేతికి పోతుందా అని.

అరకు దాటి ఇంకా పైకెక్కితే మా అమ్మమ్మ వాళ్ల గూడెం. కొత్త పంట ఇంటికి చేరాక అక్కడ కొత్తల పండగ చేసుకుంటారు. ఆ పండక్కి ప్రతి ఇంట్లోనూ లంద పెడతారు. చోళ్లు, అంటే రాగులు, మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, ఆ పిండిని ఉడికిన బియ్యప్పిండి ముద్దలతో కలిపి, నీళ్లు పోసి కుండల్లో పులియబెడితే అదే లంద. ఎంత బాగా పెట్టినా నిలవ ఉండదు. పండిన రోజున తియ్యన, మర్నాడు ఘాటు, ఆ పైన వట్టి పులుపు. అందుకే మావాళ్లు దాన్ని దాచుకోరు, అమ్ముకోరు. పిలిచి పోస్తారు.

అందరికంటే ముందు నేలతల్లికి పొయ్యాలి. అడవిలో దొరికే అడ్డాకుతో కుట్టిన దొప్పలో తల్లి వాటా పోసేదాకా గూడెంలో ఎవరూ పెదవి తడుపుకోరు. ఆ దొప్ప పట్టే చెయ్యి గురుమాయిది. గురుమాయి అంటే తల్లి పాటలన్నీ నోటికొచ్చిన పెద్దామె, పూజలో అందరికీ ముందు నిలబడే మనిషి. అప్పట్లో గురుమాయి జమునవ్వ.

జమునవ్వ దగ్గర పాటలు నేర్చుకున్నవాళ్లు ఇద్దరే, సుక్రి, గుర్బారి. సుక్రి కాస్త పెద్దది. గుర్బారి ఆమెని అక్క వరసలో “అప్పా” అని పిలిచేది. ఇద్దరూ కలిసే కట్టెలకి పోయేవారు, దారిపొడుగునా పాట కలుపుకుంటూ.

జమునవ్వ చేతులకి వణుకు వచ్చాక ఒకరోజు ఇద్దర్నీ కూచోబెట్టి, “ఈ కొత్తలకి ఎలాగో పోస్తాను. వచ్చే కొత్తలకి ముందు దొప్ప నేను పట్టలేను. మీలో ఒకరు పొయ్యాల,” అంది. ఎవరన్నది మాత్రం చెప్పలేదు.

ఆ మాట వాళ్లిద్దరి మధ్యా ముల్లులా పడింది.

ఆ ఏడు పండగలోనే సుక్రి నలుగురిలో నవ్వుతూ ఒక మాట అంది. “గుర్బారి లంద తాగినోడు ఇంటికి తిన్నగా నడిచెళ్తాడు.” అందులో కైపు లేదని ఎకసెక్కం. గూడెమంతా కడుపుబ్బ నవ్వింది. గుర్బారి మొగుడు లైకోను కూడా నవ్వేశాడు. ఆ తరవాత చాలా రోజులు అతని సంకటిలోకి కూర లేదు.

ఆనాటి నుంచి గుర్బారి సుక్రిని అప్పా అని పిలవలేదు. అసలు పిలవలేదు.

మళ్లీ వానలు వచ్చాయి. ఆ వానల్లో సుక్రి మొగుడికి జొరం తగిలింది. డోలీ కట్టి మోసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

మావాళ్లకి ఒక కట్టు ఉంది. చావు జరిగిన ఇంట్లో లంద పెట్టరు. ఇంకో ఇంటి ఆడమనిషి తన కుండలోని లంద తెచ్చి, తన చేత్తో ఇచ్చి, తాగించాలి. అప్పుడే ఆ ఇంటికి మైల తీరుతుంది. అప్పుడే ఆ ఇల్లు మళ్లీ కుండ పెట్టచ్చు, పండగకి రావచ్చు. ఎవరూ తేకపోతే ఆ ఇంటి తలుపు మూసే ఉంటుంది. రమ్మని వాళ్లంతట వాళ్లు అడగరు. అడగకూడదు.

గూడెంలో ప్రతి ఇల్లూ అదే అనుకుంది: గుర్బారి వెళ్తుందిలే, ఒక గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు కదా అని.

గుర్బారి వెళ్లలేదు. ఇంకెవరైనా వెళ్తారులే అనుకుంది. లోపల్లోపల ఇంకొకటి కూడా అనుకుంది. సుక్రి ఇల్లు మైలలో ఉంటే, ముందు దొప్ప ఇంక తనదే. ఈ మాట మా అమ్మమ్మే చెప్పేది, ఏమీ దాచకుండా.

అయినా గెలిస్తే ఒట్టినే గెలిచినట్టు ఉండకూడదు. అందరూ ఔనౌనని తలూపేలా ఉండాలి. అందుకని ఆ ఏడు గుర్బారి లంద పెట్టడానికి కూచుంది.

ఇంట్లో ఉన్న చోళ్లన్నీ నానబోసింది. చాలలేదని పుట్టింటికి కబురంపి తెప్పించింది. మొలకలు గోరంత పొడుగు రాగానే బండమీద పలచగా ఎండబెట్టింది. తిరగలి దగ్గర కూచుంటే లేవలేదు. సొంత కుండలు నిండాయి. వదినగారి కుండలు తెచ్చింది, అవీ నిండాయి. విత్తనాల కుండలు ఖాళీ చేసి కడిగి, వాటిలోనూ పెట్టింది. అరుగు నిండింది, వాకిలి నిండింది. రాత్రి లైకోను బయటికి వెళ్లాలంటే గోడ పట్టుకుని పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది.

“ఇదంతా తాగాలంటే ఊరోళ్లకి రెండేసి కడుపులుండాల,” అన్నాడు లైకోను.

“నీకు మూడున్నాయి కదా, సాయం పట్టు,” అంది గుర్బారి.

“నవ్వులాట కాదే. గూడెమంతా కూచుని తాగినా సగం మిగిలిపోద్ది. పులిసిపోద్ది.”

“మిగలనీ. మిగిలిందంటే గొప్పే. చాలలేదంటే నామర్దా.”

లంద పండింది. ఆ వాసన ఇంటికీ వాకిలికీ ఆగలేదు, వాగు దాకా పోయింది. మేకలు తోలుకెళ్లేవాళ్లు గుర్బారి వాకిట్లో ఒక ఘడియ నిలబడిపోయి గాని కదిలేవారు కాదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కుండల మూతలు ఎత్తి చూశారు. పైన తేరిన నురగ చూసి ఒకామె అంది, “ఓలమ్మ, ఏటే ఇది. పెళ్లికి కూడా ఇంత పెట్టరు.”

గుర్బారి మూత మళ్లీ సర్దింది. ఆ సర్దడంలో ఎంత గర్వం ఉందో చూసినవాళ్లు చెప్పుకునేవారట. చూపించుకోదగ్గ లందే అది. అంత కుదురుగా మా వంశంలో ఇంకెవరూ పెట్టలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నేనూ అంటాను.

పండగనాడు పొద్దున్నే మగాళ్లు డప్పులు కాచుకుంటున్నారు. నేలతల్లిగా కొలిచే రాళ్ల దగ్గర ముగ్గు పెట్టారు. ఊరంతా అక్కడే చేరింది. సుక్రి ఇంటి తలుపు తప్ప తియ్యని తలుపు లేదు.

జమునవ్వ కర్ర పట్టుకుని ముందు గుర్బారి ఇంటికే వచ్చింది. గుర్బారి వంగి కాళ్లకి దండం పెట్టింది. జమునవ్వ కుండల మధ్యన నిదానంగా నడుస్తూ ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమింది.

“ఇంత ఎవరికే?”

“మన గూడేనికే అవ్వా.”

“గూడేనికి ఇంత అక్కర్లేదు.”

“ఎక్కువైతే ఏటవుద్ది. ఈ పండక్కి మన గూడెంలో ఒక్క నోరు ఎండకూడదు. నేనున్నాక ఎండనిస్తానా?”

జమునవ్వ ఆమె మొహంలోకి చూసింది. “ఒక్క నోరూ?” అంది.

“ఒక్కటి కూడా.”

జమునవ్వ అరుగుమీద పేర్చి ఉన్న అడ్డాకు దొప్పల్లోంచి ఒకటి తీసుకుంది. సొరబుర్ర ముంచి, అన్నిటికన్నా పెద్ద కుండలోని లంద ఆ దొప్ప నిండా పోసుకుంది. కర్ర అక్కడే గోడకి ఆనించేసి, రెండు చేతులతో దొప్ప పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

గుర్బారి చీర కొంగు సర్దుకుంది. తన కుండ. తన లంద. గురువు తన వాకిట్లోంచే తల్లి దగ్గరికి బయల్దేరింది. రాళ్ల దగ్గరికి వెళ్లాక దొప్ప తన చేతికిస్తుంది. ఇంకేం కావాలి. నిటారుగా, ఎవరి మొహంలోకీ చూడకుండా, గురువు వెనకే నడిచింది. డప్పులు మొదలయ్యాయి.

రాళ్లు వచ్చాయి. జమునవ్వ ఆగలేదు.

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. “అవ్వకి చూపు తప్పిందేమో,” అని ఎవరో అన్నారు. జమునవ్వ ముగ్గు పక్కనుంచి దాటి, పశువుల దారి పట్టి, గూడెం చివరికి నడిచింది. అప్పటికి గానీ గుర్బారికి ఆ దారి ఎక్కడికి పోతుందో తట్టలేదు. వెనక్కి వెళ్లాలంటే ఊరంతా చూస్తోంది. ముందుకి వెళ్లాలంటే సుక్రి ఇల్లు.

జమునవ్వ ఆ వాకిట్లో నిలబడింది. పిలవలేదు.

కాసేపటికి తలుపు తీసుకుని సుక్రి వచ్చింది. మాసిన చీర, నూనె లేని జుట్టు. గురువుని చూసి అరుగు దిగింది. దొప్ప చూసి అక్కడే ఆగిపోయింది. గురువు వెనక ఎవరున్నారో చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

జమునవ్వ దొప్ప ఇవ్వలేదు. కింద పెట్టలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. లంద అంచు దాటి వేళ్లమీంచి మణికట్టు దాకా కారుతోంది. ఒక చుక్క, ఇంకో చుక్క మట్టిలో పడుతున్నాయి.

“ఇవ్వవ్వా,” అంది గుర్బారి మెల్లగా. “ఒలికిపోతోంది.”

“నా చేత్తో ఇస్తే చెల్లదు,” అంది జమునవ్వ. “నేను పెట్టిన కుండ కాదు.”

ఇంకాస్త ఒలికింది.

గుర్బారి చూస్తూ నిలబడింది. వాకిలి నిండా కుండలున్నాయి తనకి. ఇక్కడ, కళ్ల ముందర, ఒక్క దొప్పెడు లంద తరిగిపోతోంది. ఆ తరగడం చూడలేకపోయానని చెప్పేది మా అమ్మమ్మ. అన్ని కుండల కంటే ఆ దొప్పే పెద్దదిగా కనిపించిందట.

ముందుకి వచ్చి గురువు చేతుల్లోంచి దొప్ప అందుకుంది. సుక్రికి ఎదురుగా నిలబడింది. ఎన్నో మాటలు అనాలనుకుంది గానీ ఒక్కటే వచ్చింది.

“అప్పా. తాగు.”

సుక్రి మొహం ఇటు తిప్పి ఆమెని చూసింది. తరవాత దొప్ప తీసుకుంది. ఒక్క గుక్క తాగి ఆగింది. నాలిక మీద అటూ ఇటూ తిప్పి చూసింది.

“నువ్వు పెట్టిందేనా?”

“నేనే.”

“అబద్దం. బాగున్నాది ఇది.”

గుర్బారికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సుక్రి దొప్ప ఎత్తి మిగిలింది ఒక్క చుక్క లేకుండా తాగేసింది. తాగి, పైట చెంగుతో మూతి తుడుచుకోబోయి, ఆ చెంగుతోనే కళ్లు తుడుచుకుంది. లోపలికి వెళ్లి, మొగుడు పోయిన రోజున బోర్లించిన లంద కుండ తెచ్చి, అరుగుమీద వెల్లకిలా పెట్టింది.

“తల దువ్వుకుని వస్తాను,” అంది. “నాకు ఇంకా ఉంచండి. మీరే తాగీకండి.”

“వాకిలి నిండా ఉన్నాది అప్పా,” అంది గుర్బారి. ఈసారి ఆ మాటలో గొప్ప లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే.

తిరిగి వస్తుంటే జమునవ్వ గుర్బారి భుజం మీద చెయ్యి వేసి నడిచింది. దారి మలుపు తిరిగితే రాళ్లు, ముగ్గు, చేతులు ముడుచుకుని నిలబడ్డ గూడెం కనిపించాయి. గుర్బారి ఒక్కసారిగా ఆగిపోయింది.

“అవ్వా, తప్పు జరిగిపోయింది. తల్లికి పొయ్యకుండానే మనిషి తాగీసింది.” రాళ్ల వైపు చూసింది. “ముందు దొప్ప ఎవరం పొయ్యలేదు కదా.”

జమునవ్వ నవ్వింది.

“పోసీసినావు కదే,” అంది. “పద. ఊరోళ్లకి గొంతులెండిపోతన్నాయి.”