గవరమ్మ గోడకు సున్నం

ఒకానొక రాజ్యంలో అంటూ మీరు వినే కథల్లో రాజుకు పేరుంటుంది, విదూషకుడికి పేరుంటుంది. పక్కన తాటాకూ గంటమూ పట్టుకుని కూర్చున్న లేఖకుణ్ణి ఎవరూ తలవరు. ఆ లేఖకుణ్ణి నేనే. పేరు అక్కుభట్లు. రాజ్యం జాజులకోట. రాజు ప్రచండవర్మ. ఇక ఆ విదూషకుడు గుండన అనేవాడు. వాడి పేరెత్తితేనే నాకు కడుపులో మంట.

మీరే చెప్పండి. నాకు నాలుగు శాస్త్రాలు కంఠతా వచ్చు. వాడికి ఓనమాలు దాటి ఏమొచ్చో ఆ దేవుడికే తెలియాలి. అయినా సభలో వాడు నోరు విప్పితే నవ్వులు, నేను విప్పితే ఆవలింతలు. ఎవడికి మండదు?

మా రాజుగారిదీ ఇదే జబ్బు. కాకపోతే ఆయన ఏడుపు పొరుగునున్న సిరివాడ రాజు మీద. సిరివాడ రాజు మూడంతస్తుల మహలు కట్టాడని ఈయన ఊరి నడుమ నాలుగంతస్తుల వసంత మహలు కట్టించాడు. తీరా గృహప్రవేశం నాటికి అవతలాయన ఐదో అంతస్తు లేపాడు. అంతే, మా రాజు అలిగి మహలుకు తాళం వేయించాడు. ఏడేళ్ళుగా ఆ వీధి మొహం చూడలేదు.

ఆ మధ్య సిరివాడలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళొచ్చి, మూడు రోజులు సరిగ్గా భోజనమే చెయ్యలేదు. నాలుగో రోజు సభలో లేచి నిలబడి కేకలు మొదలుపెట్టాడు.

"అక్కడి గోడలు పాలతో కడిగినట్టున్నాయి! మన ఊళ్ళో తాళం పడ్డ ఇల్లు కనిపిస్తే చాలు, ప్రతి అడ్డమైనవాడూ బొగ్గుముక్క పట్టుకుని తయారు! ఇకమీదట గోడ మీద రాతలుంటే తప్పు ఇంటివాళ్ళదే. ఎనిమిది రోజుల్లో సున్నం కొట్టించకపోతే ఆ ఇల్లు నాది!"

మా సభలో ఓ ఆచారం ఉంది. రాజు కూర్చుని చెప్పింది ఉత్త మాట. నిలబడి చెప్పింది శాసనం. లేఖకుడు అక్కడికక్కడే రాసెయ్యాలి. రాజు మళ్ళీ నిలబడి మరో మాట చెబితే తప్ప అది మారదు.

రాయనైతే రాశాను గానీ, ఆ బొగ్గు రాతల్లో నాదీ ఒకటుంది. దాచేదేముంది? నెల కిందట ఓ మిట్టమధ్యాహ్నం, తాళం వేసిన ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో గాడిద బొమ్మ వేసి, కింద "ఆస్థాన విదూషకుడు గుండన" అని రాసింది నేనే. ఎంత హాయిగా అనిపించిందో! ఇప్పుడు వెళ్ళి చెరిపేద్దామంటే, ఎవరైనా చూసి 'చెరిపినవాడే రాసినవాడు' అంటారని భయం. గప్‌చుప్‌గా ఊరుకున్నాను.

పదో రోజున ఆ ఇంటావిడ పసిగుడ్డును ఎత్తుకుని సభకు వచ్చింది. పేరు గవరమ్మ. మొగుడు సరిహద్దు కోటలో సిపాయి. ఆవిడ పురిటికని పుట్టింటికి వెళ్ళి, ఐదు నెలల తర్వాత తిరిగొస్తే గుమ్మానికి రాజముద్ర వేసి ఉంది.

"మారాజా! ఊళ్ళో లేనిదాన్ని, గోడ మీద ఎవడేం రాశాడో నాకేం తెలుసు? నా పెనిమిటి తమరి కోటకు కాపలా కాస్తన్నాడు. ఆయన కొంప కాసే దిక్కు లేకపోయింది. ఈ బిడ్డను ఎక్కడ పడుకోబెట్టను?" అని బావురుమంది.

రాజు సింహాసనంలో వెనక్కి వాలి మీసం దువ్వాడు. "శాసనం శాసనమే. సిరివాడలో ఇలా ఏడ్చేవాళ్ళను నేను చూడలేదు."

నేను తలదించుకున్నాను. నిజం చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే ఆవిడ ఇల్లు పోతుంది. సిగ్గులేకుండా పరువే చూసుకున్నాను.

అప్పుడు లేచాడండీ గుండన.

"అమ్మా, నీ గోడ మీది బొమ్మ చూశాను. నా చెవులు భలే కుదిరాయి. అక్షరాలైతే ముత్యాలే!" అన్నాడు. నా చేతిలో గంటం జారి కింద పడింది. వాడు రాజు వైపు తిరిగాడు. "ప్రభువుల శాసనం న్యాయమైనదే. కాకపోతే అందరికీ ఒకటేనా అని చిన్న అనుమానం."

"అనుమానమేమిటోయ్? రాజైనా బంటైనా ఒకటే!"

"అయితే ఇంకో ఇల్లు మిగిలిపోయింది ప్రభూ. తాళం పడి ఏడేళ్ళు. గోడ నిండా రాతలు. గడువూ దాటింది. ఇంటాయన బాగా పెద్దవాడని భటులు జంకుతున్నారు."

"ఎంత పెద్దవాడైతే నాకేం! ఎవడు వాడు?"

"తమరే. అది వసంత మహలు."

రాజు మొహం కందగడ్డలా అయింది. "నా గోడ మీదా? ఏం రాశారు?"

"వద్దులెండి. నాకు నోరు రావడం లేదు."

"చెప్తావా, చెప్పవా?"

"'సిరివాడ మహల్లో వీణలు, మన మహల్లో గబ్బిలాలు' అని ఒకడు రాశాడు. దాని కింద ఇంకొకడు, 'ఆ గబ్బిలాలు కూడా సిరివాడకే పోతున్నాయి' అని రాశాడు."

రాజు తేలు కుట్టినట్టు లేచాడు. కిరీటం ఓ పక్కకు ఒరిగింది.

"ఎవడో వెధవ రాస్తే అది నా తప్పా? గోడ గలవాడేం చేస్తాడు, రాత్రింబవళ్ళు గోడ పట్టుకుని కూర్చుంటాడా? రాసిన చెయ్యిని పట్టండి! ఆ చేత్తోనే సున్నం కొట్టించండి! ఇంటివాళ్ళ జోలికి వెళితే ఊరుకోను!"

గుండన నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "భట్లుగారూ, ప్రభువులు నిలుచున్నారు. రాసుకోండి."

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆచారం నడిపిస్తున్నది నేనండీ! ఆ కిటుకు నాకు తట్టలేదు, వాడికి తట్టింది. పైగా నా శిక్షను నా చేత్తోనే రాసుకోవాల్సి వచ్చింది.

రాజు ఒకసారి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. సంగతి అర్థమై మెల్లగా కూర్చున్నాడు. కాసేపు పళ్ళు కొరికాడు. ఆ తర్వాత పెదవి వంకర తిరిగింది, భుజాలు కదిలాయి, చివరికి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"లేపావు కదరా నన్ను! సరే, గవరమ్మ ఇల్లు గవరమ్మదే. మరి నా మహలు సంగతేమిటి?"

"పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే ఇంటి గోడ మీద ఎవడూ చెయ్యి వెయ్యడు ప్రభూ. మనిషి లేని ఇంటికే ఈ తిప్పలు. సరిహద్దులో ఉన్న సిపాయిల ఆలుబిడ్డలకు ఆ తాళాలు ఇప్పించండి. ఇన్ని కాపురాలు కళకళలాడే మహలు సిరివాడ రాజుకు ఉందా?"

"లేదా?" అన్నాడు రాజు, కళ్ళు మెరుస్తూ.

"లేదు. విన్నాడంటే ఆయనా మూడు రోజులు అన్నం తినడు."

ఈసారి రాజు కావాలనే లేచాడు. "భట్లూ, నిలబడ్డాను, రాయవయ్యా!" అని మహలును సిపాయిల కుటుంబాలకు ఇచ్చేశాడు. తన చేతి బంగారు కంకణం తీసి గుండన చేతికి తొడిగాడు. సభంతా చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది.

అంతలో రాజు అడగనే అడిగాడు. "ఇంతకీ నిన్ను గాడిదన్న చెయ్యి ఎవరిదిరా?"

గుండన నా వైపు ఒక్క చూపు చూశాడు.

"రేపు పొద్దెక్కేలోగా ఆ గోడకు సున్నం పడుతుంది ప్రభూ. పడకపోతే అప్పుడు చెబుతాను."

మర్నాడు తెల్లవారుతూనే సున్నం బాల్చీ, కుంచె పట్టుకుని ఆ గోడ దగ్గర నిలబడ్డాను. గాడిద ఒక పూతకు పోలేదు, మూడు పూతలు వెయ్యాల్సి వచ్చింది. గవరమ్మ తలుపు తీసి, నన్ను చూసి నొచ్చుకుంది.

"అయ్యో, పెద్దోరు, తమరెందుకు బాబూ! ఏ పాపిష్టోడో రాసినదానికి!" అంటూ లోపలికి పరుగెత్తి చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. "గుండనగారు నిన్ననే చెప్పారు. సభలో నా కోసం మనసు కష్టపెట్టుకుంది తమరొక్కరేనంట. పొద్దున్నే వస్తారు, మజ్జిగ ఇవ్వమన్నారు."

ఇన్నాళ్ళూ వాడి తెలివి చూసి ఏడ్చాను. ఆ రోజు నుంచి వాడి మంచితనం చూసి ఏడుస్తున్నాను.